కాళ్ల దగ్గరి సంచి

తెనాలి,
ఆదివారం

చి॥ల॥సౌ॥ అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ పెళ్లి పనులు మొదలయ్యాయి, మీ అమ్మకి ఊపిరి తీసుకోవడానికి తీరికలేదు, అందుకే ఈ పని నేను నెత్తిన వేసుకున్నాను. ఫోన్లో చెబితే సగం పిల్లల ఏడుపులో పోతుంది. రాస్తే మావాడు ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పంపుతాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక నింపాదిగా చదువుకో.

మొన్న నీ గొంతు విన్నప్పటినుంచి నా మనసు అక్కడే ఉంది. అల్లుడికి సెలవు దొరకలేదని, పది రోజులు వెనగ్గా వస్తాడని, ఇద్దరు పిల్లల్నీ వేసుకుని డాలస్‌లో నువ్వొక్కదానివే విమానం ఎక్కాలని చెప్పావు. పెద్దాడికి నాలుగేళ్లు, బుజ్జిదానికి పది నెలలు. దోహా దాకా పద్నాలుగు పదిహేను గంటలు, అక్కడ నాలుగు గంటల పడిగాపు, మళ్లీ హైదరాబాదుకి నాలుగు గంటలు, ఆపైన కారులో 300 కిలోమీటర్లు. చేతి సంచిలో పెట్టుకోవాల్సినవి అంటూ నీ జాబితా చదివి వినిపించావు. లెక్కపెడితే 62 వచ్చాయి. అందులో ఒక్కటీ దండగ వస్తువు కాదు తల్లీ. అయినా ఆ జాబితా విన్నాక నాకు గుబులు పుట్టింది. ఏమేం పెట్టాలో నీకు తెలుసు. ఏది ఎక్కడ పెట్టాలన్న మాట మాత్రం ఆ 62లో ఎక్కడా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చీకట్లో, ఒక చేత్తో, ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ కదలకుండా, చూడకుండా తీసుకోగలిగితేనే ఆ వస్తువు నీ దగ్గర ఉన్నట్టు. లేకపోతే అది సంచిలో ఉన్నా లేనట్టే.

ఇది నాకెలా తెలిసిందో చెబుతాను. 1997లో మీ పెదనాన్న డెట్రాయిట్‌లో రెండేళ్లు పనిచేశారు. ముందు ఆయన వెళ్లారు, ఆర్నెల్ల తర్వాత నేను పిల్లల్ని తీసుకుని బయల్దేరాను. బేగంపేట ఎయిర్‌పోర్టుకి నువ్వూ వచ్చావు, ఐదేళ్ల పిల్లవి, మావాడు విమానం ఎక్కుతుంటే నన్నూ తీసుకెళ్లమని గొడవ చేశావు. మావాడికి అప్పుడు నాలుగేళ్లు, అమ్మాయికి ఏడాది దాటింది. హైదరాబాదు నుంచి బొంబాయి, అక్కణ్ణుంచి అర్ధరాత్రి విమానంలో ఆమ్‌స్టర్‌డామ్, ఆ తర్వాత డెట్రాయిట్. నా భుజాన ఒక పెద్ద సంచి. ఆ సంచిని మూడు రోజులు సర్దాను. ఎంత బాగా సర్దానంటే, ఒక్క అంగుళం ఖాళీ లేదు. అడుగున బరువైనవి, పైన తేలికైనవి, పక్కల్లో చిన్నవి కుక్కి, జిప్పు మీద మోకాలు పెట్టి మూశాను. మీ అమ్మ చూసి మెచ్చుకుంది కూడా.

ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండో విమానం ఎక్కాక అమ్మాయి ఒళ్లు వెచ్చబడింది. సముద్రం మీదికి వచ్చేసరికి మాడు మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. జ్వరం మందు సంచిలో ఉంది, నాకు తెలుసు, నా చేత్తోనే పెట్టాను. సంచి తల మీది అరలో ఉంది. లేచి తీద్దామనుకునేలోగా విమానం కుదుపులు మొదలయ్యాయి, సీటు బెల్టు దీపం వెలిగింది. లేవబోతే కూర్చోమన్నారు. ఒళ్లో పిల్ల మూలుగుతోంది, పక్కన మావాడు భయపడి నా కొంగు పట్టుకున్నాడు, మందు నా నెత్తి మీద మూడడుగుల ఎత్తులో ఉంది. నలభై నిమిషాలు. పక్క సీటులో ఉన్న డచ్చి పెద్దావిడ తన గ్లాసులో నీళ్లు నా చేతిరుమాలు మీద పోసి, పిండి, పిల్ల నుదుటి మీద వేసింది. ఆ దీపం ఆరాక సంచి దింపాను. మందు సీసా అడుగున ఉంది. బరువైనది కదా, అడుగున పెట్టాను. దానికోసం సంచిలోవన్నీ నడవలో కుమ్మరించాల్సి వచ్చింది. అది దొరికేలోపు పిల్ల నా చీర మీద, జాకెట్టు మీద వాంతి చేసుకుంది. పిల్లలకి మూడేసి జతలు తెచ్చాను. నాకు ఒక్కటి కూడా తెచ్చుకోలేదు. డెట్రాయిట్‌లో మీ పెదనాన్న ఎదురొచ్చేసరికి విమానంవాళ్ల దుప్పటి కప్పుకుని ఉన్నాను.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్నోసార్లు అటూ ఇటూ తిరిగాను. మనవల్ని తీసుకుని మా అమ్మాయితో, కోడలితో కూడా వచ్చాను. ప్రతిసారీ ఆ నలభై నిమిషాలు గుర్తుపెట్టుకునే సంచి సర్దాను.

కాబట్టి ముందు, ఒక సంచి కాదు, రెండు. ఒకటి పై అరలోకి పోయే ట్రాలీ. అందులో పెట్టేవి దారిలో ఒకసారో రెండుసార్లో కావాల్సినవి, అంటే అదనపు డైపర్లు, మార్చుకునే బట్టలు, కారు ప్రయాణానికి కావలసినవి. రెండోది కాళ్ల దగ్గర పెట్టుకునే సంచి, వీపుకి తగిలించుకునేది. నీ ప్రయాణమంతా ఈ రెండో సంచిలోంచే నడుస్తుంది. ఎయిర్‌లైన్‌ని బట్టి చేతి సామాను 7 కిలోలే అంటారు, చంటిపిల్లలుంటే ఇంకో చిన్న సంచి ఇస్తారు కొందరు, ఇవ్వరు కొందరు. నీ టికెట్ మీద ఏముందో ముందే చూసుకో. ఇంకో మాట. విమానం నిండిపోతే గేటు దగ్గర ట్రాలీని తీసుకుని కిందికి పంపేస్తారు. అది క్షణంలో అడిగి క్షణంలో పట్టుకుపోతారు. అప్పుడు నువ్వు పిల్లని చంకన పెట్టుకుని అందులోంచి ఏరుకోలేవు. అందుకని ట్రాలీ పోయినా ఒక రోజు గడిచేటట్టుగా కాళ్ల దగ్గరి సంచి ఉండాలి. మందులు, కాగితాలు, పవర్ బ్యాంకు ట్రాలీలో ఎప్పుడూ పెట్టకు. పవర్ బ్యాంకుని అసలు లగేజీలోకి పంపనివ్వరు, నిప్పంటుకునే ప్రమాదం కాబట్టి దగ్గరే ఉంచుకోవాలి. 100 వాట్ అవర్ల లోపుంటే సరిపోతుంది. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నవి 74 దాకా వస్తాయి. కొన్ని ఎయిర్‌లైన్లు ఇప్పుడు దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు, అందుకని ఎక్కకముందే ఫోనూ ట్యాబూ నిండా చార్జి చేసి పెట్టు.

నువ్వు బాసినెట్, అదే పిల్లని పడుకోబెట్టే తొట్టి, అడిగానన్నావు. మంచిదే, పద్నాలుగు గంటలు పిల్లని ఒళ్లో మోయలేవు. దాని బరువు పరిమితి ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కోలా ఉంటుంది, మన బుజ్జిది బొద్దుగా ఉంది కనుక తూకం చూసి సరిపోతుందో లేదో కనుక్కో. అయితే బాసినెట్ తగిలించే సీట్లకి ముందు గోడే ఉంటుంది, ఇంకో సీటు ఉండదు. అంటే కాళ్ల దగ్గర సంచి పెట్టుకునే చోటు లేదు. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ నీ రెండు సంచులూ పైకే పోతాయి. ఈ సంగతి ఎవరూ చెప్పరు, కూర్చున్నాక తెలుస్తుంది. అలాంటప్పుడు నీ ఒంటి మీది జేబులే మూడో సంచి. పెద్ద పెద్ద జేబులున్న కోటొకటి వేసుకో. ఒక జేబులో పాలపీక, ఒక డైపర్ పొట్లం, ఇంకో జేబులో జ్వరం మందు, చిన్న బిస్కెట్ పొట్లం. కుదుపులొచ్చినప్పుడు బాసినెట్‌లోంచి పిల్లని తీసి ఒళ్లో పెట్టుకోమంటారు, నిద్రపోతున్నా సరే. మనసు కష్టంగా ఉంటుంది గానీ వాళ్ల మాట విను.

డైపర్ పొట్లం అన్నాను కదా, అదేమిటో చెబుతాను. ఇది నా కోడలు నేర్పింది, నేను ఇప్పటికీ ఆమెకి దండం పెడతాను. డైపర్లన్నీ ఒకచోట, వైప్స్ ఒకచోట, క్రీము ఒకచోట, కవర్లు ఒకచోట పెట్టొద్దు. ఒక డైపరు విప్పి, అందులో ఐదారు వైప్స్ మడిచి, బఠాణీ గింజంత క్రీము పూసిన చిన్న కాగితం, ఖాళీ కవరు ఒకటి పెట్టి, మళ్లీ డైపరుని చుట్టేసి ఒక జిప్‌లాక్ కవర్లో వెయ్యి. వైప్స్ ఆరిపోకుండా కవరు గాలి తీసి మూయాలి. ఇలాంటి పొట్లాలు పది చెయ్యి. ఆ విమానం బాత్రూము ఎంతుంటుందో తెలుసు కదా, మన తులసికోట ఉన్నంత చోటు. గోడకి మడిచి ఉన్న బల్లని దింపితే కమోడ్ మీదకి వస్తుంది. అందులోకి సంచి తీసుకెళ్లలేవు, తీసుకెళ్లినా పెట్టే చోటు లేదు. చంకన పిల్ల, చేతిలో ఒక్క పొట్లం, అంతే. వచ్చేటప్పుడు ఆ కవర్లోనే మురికిది మూసి పడేస్తావు. మొత్తం ఇల్లు వదిలినప్పటినుంచి ఇల్లు చేరేదాకా దగ్గరదగ్గర 30 గంటలు. మామూలుగా ఆ పిల్లకి ఎన్ని పడతాయో అంతకి ఒకటిన్నర రెట్లు తీసుకో. పది పొట్లాలు కాళ్ల దగ్గర, మిగతావి ట్రాలీలో.

బట్టలు కూడా అలాగే. పెద్దాడికి రెండు జతలు, బుజ్జిదానికి మూడు, ఒక్కో జత ఒక్కో కవర్లో, చొక్కా, ప్యాంటు, లోపలి బట్ట, సాక్సు అన్నీ కలిపి. చీకట్లో సాక్సుకోసం దేవులాడకూడదు. నీకు ఒక కుర్తా, ఒక ప్యాంటు, లోపలి బట్టలు. ఇది ట్రాలీలో కాదు, కాళ్ల దగ్గరి సంచిలో, అన్నిటికంటే వెనక, వీపుకి ఆనే వైపు. చోటు లేదని దీన్ని తీసెయ్యకు. ఏదో ఒక బొమ్మ తీసెయ్యి.

ఇక బొమ్మలకంటే, పుస్తకాలకంటే, నువ్వు కొన్న ఆ మెత్తటి ఖరీదు దుప్పటికంటే నేను ముందు పెట్టమనేది ఒక పాత చీర. నవ్వకు. నీకు పెళ్లైన కొత్తలో మీ అమ్మ పెట్టిన ఆ మంగళగిరి నూలు చీర, రోజూ కట్టి కట్టి పల్చబడిందని చెప్పావు, దాన్ని మూడు ముక్కలు చెయ్యి. ఒకటి ఉతక్కుండా రెండు రాత్రులు నీ దిండు కింద పెట్టుకుని నిద్రపో. ఆ వాసనకి బుజ్జిది కొత్తచోట కూడా నిద్రపోతుంది, కావాలంటే చూడు. మనవాళ్లు పొత్తిళ్లకి పాత చీరే ఎందుకు వాడారో అప్పుడు అర్థమవుతుంది. రెండో ముక్క పాలిచ్చేటప్పుడు కప్పుకోవడానికి, సీటు మీద పరవడానికి, ఎవరైనా తల మీది లైటు వేస్తే నీడ పట్టడానికి. బాసినెట్ మీద మాత్రం మొత్తం కప్పెయ్యకు, పిల్లకి గాలి ఆడాలి, నీకు మొహం కనబడాలి. మూడోది తుడుచుకోవడానికి, జ్వరమొస్తే తడిపి వేయడానికి. నూలు ముక్క నీళ్లు పీలుస్తుంది, పిండి సీటు వెనక ఆరేస్తే గంటలో ఆరిపోతుంది. తువ్వాలు ఆరదు. మూడూ కలిపి నీ చేతి సంచిలో అరచేతి మందం కూడా పట్టవు.

తిండి సంగతి. పెద్దాడికి పిల్లల భోజనం ముందే చెప్పి పెట్టు, కనీసం 24 గంటల ముందు. ప్రత్యేక భోజనాలు అందరికంటే ముందు తెచ్చిపెడతారు, వాడు తిన్నాక నువ్వు తినొచ్చు. కానీ వాడు అది తింటాడని నమ్ముకోకు. మొదటి ఆరు గంటలకి ఇంట్లో చేసిన ఇడ్లీలు తీసుకెళ్లు, చట్నీ వద్దు, నెయ్యి, కందిపొడి పట్టించి ముక్కలుగా కోసి. ఆ తర్వాతకి పొడిగా ఉండేవి, మరమరాలు, పల్చటి అటుకులు వేయించినవి, జంతికలు. మరమరాలంత మంచి తిండి విమానంలో ఇంకోటి లేదు. బరువుండవు, చేతికి అంటుకోవు, ఒక్కొక్కటీ ఏరుకుని తింటూ నాలుగేళ్లవాడు అరగంట గడిపేస్తాడు. బుజ్జిదాని చేతికి మాత్రం మరమరాలూ జంతికలూ అందనివ్వకు, గొంతులో అడ్డం పడతాయి. పల్లీ ఉండలు, పల్లీ చిక్కీ వద్దు. విమానంలో ఎవరి బిడ్డకి పల్లీ పడదో మనకి తెలియదు. పెరుగన్నం కూడా వద్దు, తనిఖీలో పెరుగుని ద్రవం కిందే లెక్కేస్తారు, పైగా గంటలు గడిస్తే పులుస్తుంది.

బుజ్జిదానికి రాగిపిండి వేయించి, ఒక పూటకి సరిపడా కొలిచి చిన్న చిన్న కవర్లలో పెట్టు. పాలపొడి కూడా అంతే. చీకట్లో చెంచాలు లెక్కపెట్టే పని పెట్టుకోకు, ఎవరో మాట్లాడిస్తే లెక్క తప్పుతుంది. వేడినీళ్లు విమానంవాళ్లు ఇస్తారు. బాగా కాగినవి ఇస్తారు కాబట్టి పిల్ల ఆకలితో ఏడ్చేదాకా ఆగకుండా ముందే అడిగి, ఖాళీ ఫ్లాస్కులో పోయించుకుని చల్లారనివ్వు.

2006 ఆగస్టులో బ్రిటన్‌లో విమానాల్ని పేల్చే కుట్ర బయటపడ్డ దగ్గర్నుంచీ చాలా ఎయిర్‌పోర్టుల్లో ద్రవాలు 100 మిల్లీలీటర్లకి మించిన సీసాల్లో తీసుకుపోనివ్వడం లేదని నీకు తెలిసిందే. పిల్లల పాలకి, పాలపొడి కలిపిన నీళ్లకి, ఉగ్గుకి, మందులకి ఆ లెక్క లేదు. ప్రయాణానికి సరిపడా ఎంతైనా తీసుకోవచ్చు. కాకపోతే అడక్కముందే బయటికి తీసి చూపించాలి. అందుకని అవన్నీ ఒకే కవర్లో, సంచి పై జేబులో ఉంచు. దోహాలో మళ్లీ తనిఖీ ఉంటుంది, అక్కడా అంతే. తిరుగు ప్రయాణంలో మీ అమ్మ కారప్పొడి, కందిపొడి కట్టిస్తానంటుంది. అవి లగేజీలో వెయ్యి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సంచిలో 350 మిల్లీలీటర్ల డబ్బాకి మించిన పొడులుంటే విడిగా పరీక్ష చేస్తారు, తేలకపోతే వదిలెయ్యమంటారు. పాలపొడికి ఆ ఇబ్బంది లేదు. పళ్లు కూడా, దిగేలోపు తినెయ్యండి. ఒక్క అరటిపండు సంచిలో మర్చిపోయి చెప్పకుండా అక్కడ దిగినా జరిమానా పడొచ్చు.

ఇంకో చిన్న విషయం, నా మనవడు నేర్పింది. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపల గాలి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, మనం ఊటీలో ఉన్నట్టన్నమాట. కింద మూసిన డబ్బాలన్నీ పైకి వెళ్లాక ఉబ్బుతాయి. బిస్కెట్ ప్యాకెట్లు బూరెల్లా పొంగుతాయి. స్ట్రా ఉన్న నీళ్ల సీసా మూత టక్కున తీస్తే లోపలి నీళ్లు ఫౌంటెన్‌లా చిమ్మి పక్కవాళ్ల మొహం మీద పడతాయి. ముందు మరని కొంచెం వదులు చేసి గాలి పోనిచ్చి, తర్వాత స్ట్రా తెరువు. పెద్దాడికి కూడా ఇంట్లోనే చెప్పి ఉంచు.

మందుల మాట జాగ్రత్తగా చదువు. జ్వరం సిరప్ నువ్వు అక్కడ వాడేది 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాములది. మన దగ్గర అదే మందు 120, 125, 250 అని రకరకాలుగా దొరుకుతుంది. అక్కడి కొలతతో ఇక్కడి సీసాలోది పోస్తే మోతాదు తప్పుతుంది. అందుకని మీ సీసా అట్టపెట్టెతో సహా, దాంతో వచ్చే కొలత సిరంజితో సహా తెచ్చుకో. ఇద్దరి బరువులూ తూచి, ఎవరికి ఎన్ని మిల్లీలీటర్లో మీ డాక్టర్ని అడిగి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సీసాకి రబ్బరు బ్యాండు వెయ్యి. నిద్రమత్తులో నీ బుర్ర పని చేయదు, ఆ కాగితం పనిచేస్తుంది. దానితోపాటు థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, ముక్కు ఎండిపోయి చంటిది పాలు తాగలేదు, చుక్కలు వేస్తే తాగుతుంది.

ఎవరో స్నేహితురాలు జలుబు మందు ఒక చెంచా పోస్తే పిల్లలు హాయిగా నిద్రపోతారని చెప్పిందన్నావు. వద్దమ్మా. నిద్ర కోసం పిల్లలకి ఆ మందు పొయ్యకూడదని డాక్టర్లే అంటారు. కొందరు పిల్లలు దానితో నిద్రపోకపోగా ఇంకా రేగిపోతారు, కొందరికి ఊపిరే మందగిస్తుంది. ఆకాశంలో ఆ సాహసం చెయ్యకు. నిద్రపోకపోతే పోనీ. ఏడిస్తే ఏడవనీ. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్లే.

చెవుల సంగతి కూడా సంచి సంగతే. ఎగిరేటప్పటికంటే దిగేటప్పుడు పిల్లల చెవులు ఎక్కువ నొప్పెడతాయి. మింగుతూ ఉంటే ఆ నొప్పి తగ్గుతుంది. దిగడానికి అరగంట ముందు విమానం కిందికి దిగడం మొదలుపెడుతుంది, అప్పటికి బుజ్జిదాన్ని లేపి, పాలు పట్టడానికి సిద్ధంగా ఉండు. పెద్దాడికి చప్పరించడానికి లాలీపాప్ ఒకటి. ఆ పాలసీసా, ఆ లాలీపాప్ అప్పటికే నీ కోటు జేబులో ఉండాలి, సంచులు పైకి వెళ్లిపోయి ఉంటాయి కనుక.

పెద్దాడికి వాడి సంచి వాడికి ఇవ్వు. చిన్నది, వాడు మోయగలిగినంత. నీళ్ల సీసా, ఒక టీషర్టు, వాడికిష్టమైన ఒక్క బొమ్మ. చొక్కా లోపలి జేబులో ఒక అట్టముక్క మీద నీ పేరు, ఫోను నంబరు, అల్లుడి నంబరు, మావాడి నంబరు రాసి పెట్టు. దోహాలో జనం కిక్కిరిసి ఉంటారు. ఆట వస్తువులు దొర్లేవి తేకు. కారుబొమ్మలు, గుండ్రటి క్రేయాన్లు సీటు కిందికి దొర్లిపోతే వాడు ఏడుస్తాడు, నువ్వు పిల్లతో వంగలేవు. మూడు పలకలుగా ఉండే రంగు పెన్సిళ్లు దొర్లవు. స్టిక్కర్ల పుస్తకాలు రెండు. వాడు చూడని కొత్తవి కొన్ని దాచి ఉంచు, రెండు మూడు గంటలకోసారి ఒక్కొక్కటీ తియ్యి. ట్యాబులో పాటలు, కథలు ముందే డౌన్‌లోడ్ చెయ్యి, వాడి తలకి సరిపోయే హెడ్‌ఫోన్లు తీసుకో, విమానంలో ఇచ్చేవి జారిపోతాయి. బొమ్మల గురించి ఇంతకంటే రాసేదేమీ లేదు. వాడికి అన్నిటికంటే ఇష్టమైన ఆట ఆ ఎదుటి సీటు బల్ల తెరిచి మూయడమే.

కాగితాలు. పిల్లల అమెరికా పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, నీ పాస్‌పోర్టు, నీ వీసా తాలూకు 797 కాగితం, అన్నీ ఒకే ఫైల్లో, కాళ్ల దగ్గరి సంచిలో. పిల్లల్ని తీసుకెళ్లడానికి తనకి సమ్మతమేనని అల్లుడు సంతకం చేసి నోటరీ చేయించిన ఉత్తరం ఒకటి పెట్టుకో. ఎవరూ అడక్కపోవచ్చు, అడిగితే మాత్రం అర్ధరాత్రి ఆయనకి ఫోను చేసే బాధ తప్పుతుంది. నగలు డైపర్ల సంచిలో పెట్టకు, ఆ సంచిని వందసార్లు తెరుస్తావు. విడిగా, ఒంటికి అంటిపెట్టుకుని ఉండేలా పెట్టుకో.

ఇదంతా సర్దాక, బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ఒక రాత్రి ఈ పని చెయ్యి. సోఫాలో కూర్చో. సంచి కాళ్ల దగ్గర పెట్టుకో. బుజ్జిదాన్ని ఎడమ చేతి మీద పడుకోబెట్టుకో. అల్లుణ్ణి లైట్లు ఆర్పమను. ఇప్పుడు ఆయన ఒక్కొక్క పేరు చెప్పాలి, "డైపర్ పొట్లం, జ్వరం మందు, చీర ముక్క, పాలపొడి, పెద్దాడి ప్యాంటు" అని, నువ్వు కుడిచేత్తో తీసివ్వాలి. చేతికి వెంటనే తగలనిది ఏదైనా ఉంటే దాని చోటు మార్చు. మా అమ్మాయి మొదటిసారి చేసినప్పుడు ఐదింట్లో రెండే తీయగలిగింది. సంచి మళ్లీ సర్దింది. రెండోసారి నాలుగు. మందు కవరుకి ఒక ముతక తాడు కట్టింది, వేళ్లకి తగలగానే అదేనని తెలిసేలా. ఆ తాడు ఇప్పటికీ ఉంది దాని సంచికి.

స్ట్రోలర్ తెస్తున్నావు కదా, గేటు దగ్గర ఇచ్చేస్తావు. దోహాలో అది విమానం తలుపు దగ్గరికి రాకుండా తిన్నగా హైదరాబాదే రావచ్చు, ఎక్కేటప్పుడే అడిగి తెలుసుకో. రాదంటే బుజ్జిదాన్ని గుండెకి కట్టుకునే క్యారియర్ వేసుకో, నీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒకటి పెద్దాడికి, ఒకటి ట్రాలీకి.

శంషాబాదులో నేను, మావాడు బయట నిలబడి ఉంటాం. స్టీలు డబ్బాలో ఇడ్లీ, ఫ్లాస్కులో కాఫీ తెస్తాను. నువ్వు కారెక్కాక కాఫీ తాగి నిద్రపోవాలి, పిల్లల సంగతి నాకొదిలెయ్యి. సూర్యాపేట దాకా నిన్ను లేపం. కారులో బుజ్జిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు, ఐదారు గంటల హైవే. దాని కారు సీటు నువ్వు లగేజీలో తెస్తున్నావా, లేక ఇక్కడ ఒకటి కొని బిగించమని మావాడికి చెప్పనా? పెద్దాడికి కూడా ఒకటి కావాలా? వచ్చే ఆదివారం లోపల చెప్పు, వాడు గుంటూరు వెళ్లి చూసొస్తాడు.

పిల్లలకి ముద్దులు. అల్లుడికి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ